అడవినాభి: కంచెమీద పువ్వు, నేలలో విషదుంప

తొలకరి వానలు పడి మృగశిర కార్తె దాటిన పిమ్మట పలాస నుండి వజ్రపుకొత్తూరు వైపునకు గాని, మందస నుండి సోంపేట వైపునకు గాని జీడితోటల నడుమ నడచి పోవువారికి కంచెలమీద ఒక తీగ కనబడును. ఆకు చివర మీసమువలె సన్నగా సాగి, దొరికిన పుల్లను చుట్టుకొని ఆ తీగ పైకి ప్రాకును. శ్రావణ భాద్రపద మాసములలో దీనికి వచ్చు పువ్వు ఎవరి కంటినైనను ఆకర్షించును. ఆరు రేకులు వెనుకకు విరుచుకొని, అంచులు అలలుగా ముడుతలుపడి, అడుగున పసుపుగాను, పైన ఎరుపుగాను నిలిచిన ఆ పువ్వు గాలికి ఊగు మంటవలె నుండును. దీనినే అడవినాభి యందురు. పొత్తిదుంప, కలప్పగడ్డ అను పేర్లు కూడ కలవు. సంస్కృతమున అగ్నిశిఖ యనియు, లాంగలి యనియు పిలిచిరి. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గ్లోరియోసా సూపర్బా.

చూచుటకు ఇంత అందమైన ఈ మొక్కలో వేరు మొదలు విత్తు వరకు విషము కానిది ఏదియు లేదు. అయినను ఇది పనికిమాలిన మొక్క కాదు. దీని విత్తనముల నుండి తీయు పదార్థము నేడు వైద్యమున వాడుకలో నున్నది. పొరుగు రాష్ట్రమున దీనిని పంటగా కూడ పండించుచున్నారు. కావున ఈ మొక్క సంగతి ఉద్దానం రైతులు చక్కగా తెలిసికొనుట అవసరము.

ఒక తోటలో రెండు ప్రశ్నలు

గత వానకాలమున ఉద్దానంలోని ఒక గ్రామమున జీడితోటలు చూచుచుండగా కలుపు తీయించుచున్న ఒక రైతు తవ్వి తీసిన నాలుగు దుంపలను చూపి, “ఈ దుంపకి పట్నంలో మంచి ధరంట. నిజివేనా బాబూ?” అని అడిగెను. ప్రక్కనే జీడిచెట్టు నీడను కూర్చున్న అతని తల్లి అందుకొని, “మోకాళ్ళ నొప్పులకి ఇది అరగదీసి పుచ్చుకుంటే తగ్గుతాదంటారు. పుచ్చుకోవచ్చా నాయనా?” అని అడిగినది. ఆమెకు మూత్రపిండముల జబ్బు ఉన్నట్లు రక్తపరీక్షలో తేలి ఏడాది అయినదని కొడుకు చెప్పెను.

రెండవ ప్రశ్నకు సమాధానము ఆ క్షణముననే చెప్పితిని: పుచ్చుకొనరాదమ్మా, నాలుకకు కూడ తగలనీయరాదు. మొదటి ప్రశ్నకు సమాధానము అంత పొట్టిగా చెప్పదగినది కాదు. ఆ రెండింటికిని కారణములతో కూడిన వివరమే ఈ వ్యాసము.

మొక్కను గుర్తించు విధము

అడవినాభి ఏటేటా వానకు మొలిచి, వానలు వెనుదిరిగిన తరువాత ఎండిపోవును. పై తీగ చచ్చినను నేలలోని దుంప బ్రదికియే యుండును. ఎర్రని ఇసుక నేలలు, సముద్రపుటొడ్డు తుప్పలు, మొగలి పొదల అంచులు, కొండ దిగువ చిట్టడవులు దీనికి అనువైన తావులు. నీరు నిలుచు బంకమన్ను దీనికి సరిపడదు.

గుర్తులు నాలుగు. మొదటిది ఆకు: పొడవుగా ఈటెమొనవలె నుండి, ఈనెలు ఒకదాని ప్రక్క ఒకటి నిలువుగా సాగును, చివర మెలిదిరిగిన తీగవలె ముగియును. పెండలపు తీగ ఆకు తాంబూలపు ఆకువలె హృదయాకారముగా నుండును; అది కాండమును చుట్టించి ప్రాకునే గాని ఆకు కొనతో పట్టుకొనదు. రెండవది పువ్వు: ముందు పచ్చగా విప్పుకొని, పసుపై, నారింజయై, ఎరుపై వాడును. కేసరములు ఆరు చుట్టును చాచుకొని యుండును. నడిమి కీలము మాత్రము ఒక ప్రక్కకు మడతపడి యుండును. మూడవది కాయ: పొడవైన పచ్చని కాయ పండి మూడు చీలికలుగా విచ్చి, లోపల ఎర్రని గుండ్రని విత్తులు వరుసగా కనబడును. పిల్లలు పూసలనుకొని ఏరుకొనునవి ఇవే.

నాలుగవది దుంప: ఇది రెండు కొమ్ములుగా చీలి నాగలివలె వంగి యుండును. నాగలిని సంస్కృతమున లాంగలమందురు. లాంగలి యను పేరు వచ్చినది ఇందుకే. ప్రతి కొమ్ము కొనయందును ఒక్కొక్క మొలక కన్ను ఉండును. ఆ కన్ను విరిగినచో ఆ కొమ్ము మొలవదు. ఏటేటా పాత దుంప కృశించి, దాని స్థానమున క్రొత్త జంటదుంప ఏర్పడును.

ఒక మాట ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. పచారీ దుకాణముల వారు వసనాభి యని అమ్మునది వేరు మొక్క. అది హిమాలయములలో పెరుగును. అదియు విషమే గాని, దాని విషము వేరు, అది పనిచేయు తీరు వేరు. పేర్లు కలిసినంత మాత్రమున మందు కలియదు.

మధ్యధరా దీవులలోని చుట్టము

మన అడవినాభికి దూరదేశమున ఒక చుట్టమున్నది. మధ్యధరా సముద్రములోని క్రీటు ద్వీపపు కొండలపైనను, ఆ చుట్టుపట్ల దేశములలోను కాల్చికం అను చిన్న మొక్కలు పెరుగును. అచట వేసవి ఎండలు తగ్గి తొలివానలు పడగనే, ఆకైనను లేకుండ నేలలోని గడ్డ నుండి నేరుగా ఊదారంగు పువ్వు పైకి వచ్చును. మన మొక్క తీగ; అది నేలకు అంటియుండు గడ్డ మొక్క. చూపునకు పోలిక లేకున్నను రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. రెండింటిలోను కాల్చిసిన్ అను ఒకే విషము కలదు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున డయోస్కోరిడీసు అను గ్రీకు వైద్యుడు మొక్కలనుగూర్చి వ్రాసిన గ్రంథమున ఈ కాల్చికం గడ్డను వర్ణించెను. తినదగిన గడ్డ యనుకొని జనులు పొరపాటున దీనిని తినకుండుటకే దీని సంగతి వ్రాయుచున్నానని ఆయన ఉద్దేశము. రెండువేల ఏండ్ల క్రిందట ఆ కొండలలో ఉన్న భయమే నేడు మన జీడితోటలలోను ఉన్నది. ఐరోపాలో నేటికిని వసంతకాలమున కాల్చికం ఆకులను అడవి వెల్లుల్లి ఆకులనుకొని వండుకొని ప్రాణము మీదికి తెచ్చుకొనువారున్నారు.

1820లో పెల్టియే, కావెంటూ అను ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కాల్చికం నుండి ఈ విషపదార్థమును వేరుచేసిరి. నేడు గౌటు అను కీళ్ళవాపు జబ్బునకు వైద్యులు దీనిని అతి స్వల్ప మోతాదున ఇచ్చుచున్నారు. మాత్రలో ఉండునది సాధారణముగా అర మిల్లీగ్రాము మాత్రమే. ఒక గ్రామును రెండువేల భాగములు చేసినచో అందొక భాగమన్న మాట.

వ్యవసాయశాస్త్రమునకు కూడ ఇది ఉపకరించినది. కాల్చిసిన్ వాడినచో మొక్కల కణములలోని క్రోమోసోముల సంఖ్య రెట్టింపగునని 1937లో బ్లేక్‌స్లీ, ఏవరీ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. గింజలేని పుచ్చకాయ తయారగుటకు మూలము ఈ ఎరుకయే. పుచ్చమొక్కను కాల్చిసిన్‌తో మార్చి, దానిని మామూలు మొక్కతో సంకరపరచినచో వచ్చు సంతతి కాయ కాయును గాని గింజ కట్టదు.

విషము పనిచేయు తీరు

క్రోమోసోములు రెట్టింపగుటకు ఏది కారణమో, మనిషి చచ్చుటకును అదియే కారణము. ప్రాణులన్నిటియందును ఒక కణము రెండుగా విడివడునపుడు లోపల సన్నని దారములవంటివి ఏర్పడి, క్రోమోసోములను ఇరువైపులకు లాగును. కాల్చిసిన్ ఆ దారములను కట్టుకొననీయదు. కణము విడివడుట ఆగిపోవును. మొక్కకు అది రెట్టింపు. మనిషికి అది మరణము.

శరీరమున ఏ భాగములలో కణములు ఎడతెగక పుట్టుచుండునో ఆ భాగములు ముందుగా దెబ్బతినును. ప్రేగుల లోపలి పొర, రక్తము తయారగు ఎముక మూలుగ, వెండ్రుకల కుదుళ్ళు ఇట్టివి. అందుచే దుంప తిన్నవానికి కొన్ని గంటలలో నోట మంట, కడుపునొప్పి, వాంతులు, నీళ్ళ విరేచనములు పట్టుకొనును. ఇది కలరావలె కనబడును. పిమ్మట ఒక రోజు కొంత నెమ్మదించినట్లు తోచవచ్చును. ఇదియే మోసకరమైన సమయము. రెండవ మూడవ దినములలో మూత్రపిండములు, కాలేయము, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతినుట, రక్తకణములు పడిపోవుట జరుగును. ప్రాణము దక్కినవారికి రెండు వారముల లోపుగా తలవెండ్రుకలు రాలుట కూడ కలదు; అవి తరువాత మరల వచ్చును.

ఉడికించిన మాత్రమున ఈ విషము పోదు. ఈ సంగతి గృహిణులు ప్రత్యేకముగా గ్రహింపవలెను. కందదుంప నాలుకకు దురద పెట్టును. చింతపండు వేసి బాగుగా ఉడికించినచో ఆ దురద తగ్గును. ఆ అలవాటుతో అడవి దుంపలన్నియు ఉడికిన పిమ్మట మంచివే యగునని అనుకొనరాదు. అడవినాభి దుంప ఎన్ని నీళ్ళు పారబోసి ఉడికించినను తినదగినది కాదు. ఒక దుంపలో విషమెంత యుండునో కూడ ముందుగా చెప్పుటకు వీలులేదు. నేలనుబట్టి, కాలమునుబట్టి, దుంప ముదురునుబట్టి అది మారుచుండును.

పొరపాటు జరుగు తావులు

ఈ దుంపను ఎవరును కావలెనని తినరు, పొరపాటుననే తిందురు. శ్రీలంకలో చిలగడదుంప యనుకొనియు, పెండలమనుకొనియు వండుకొని తిని మరణించినవారి సంగతి వైద్యులు వ్రాసియున్నారు. మన ప్రాంతమున అట్టి పొరపాటునకు అవకాశమున్న సందర్భములివి.

వేసవిలో తీగలన్నియు ఎండిపోయిన తరువాత అడవి పెండలము కొరకు నేల తవ్వునపుడు ఏ దుంప ఏ తీగదో తెలియదు. మహేంద్రగిరి దిగువను ఉన్న మందస మండలపు సవర గూడెములలో పెద్దలకు ఈ భేదము బాగుగా తెలియును. వారి ఎరుకను చదువుకొనుచున్న వారి పిల్లలకు అందజేయుట అవసరము. తీగ పచ్చగా నున్నపుడే గుర్తుపెట్టి, గుర్తుపెట్టిన దుంపనే తవ్వుట క్షేమము.

జీడి, కొబ్బరి తోటలలో పాదులు చేయునపుడు పైకి వచ్చిన దుంపలను గట్టుమీద వదలిపెట్టుట రెండవ ప్రమాదము. వానను పిల్లలు గాని, మేకలు గాని ముట్టవచ్చును. పశువులు సాధారణముగా ఈ తీగను ముట్టవు. కాని కోసి తెచ్చిన గడ్డిలో కలిసిపోయినచో ఏరి పారవేయు తెలివి వానికి లేదు. విషము తిన్న పశువు పాలలోనికి కూడ కాల్చిసిన్ దిగును. అట్టి పాలు దూడకు గాని, మనుష్యులకు గాని పనికిరావు.

నాటువైద్యము మూడవది. ఆయుర్వేదమున లాంగలిని ఉపవిషములలో చేర్చిరి. శాస్త్రము చదివిన వైద్యులు గోమూత్రమున శుద్ధిచేసి, తగు మోతాదున, తగిన రోగమునకు వాడుదురు. ఆ శుద్ధియు, ఆ మోతాదును తెలియక, ఒకరు చెప్పగా విని అరగదీసి పుచ్చుకొనుట వైద్యము కాదు. కాన్పు నొప్పులు రావలెనని గాని, గర్భము పోవలెనని గాని ఈ దుంపను వాడుట తల్లి ప్రాణమునకే ముప్పు. గ్రామములోని ఆశా కార్యకర్తలు ఈ విషయమును స్త్రీలకు విడమరచి చెప్పవలెను.

మూత్రపిండముల జబ్బు గలవారికి హెచ్చరిక

ఉద్దానమునకు ఈ మాట మరింత ముఖ్యము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి విస్తారముగా నున్న సంగతి అందరికిని తెలిసినదే. దీనికి కారణమిదియని పరిశోధకులు ఇంకను తేల్చలేదు. అడవినాభి దీనికి కారణమని ఎవరును భావింపరాదు. నేను చెప్పునది వేరు.

శరీరములోనికి పోయిన కాల్చిసిన్‌లో కొంత భాగమును బయటికి పంపు పని మూత్రపిండములది. అవి బలహీనపడియున్నచో విషము లోపలనే నిలిచిపోవును. ఆరోగ్యవంతునికి మందైన మోతాదు కూడ ఇట్టివానికి విషము కావచ్చును. అందుచేతనే వైద్యులు కాల్చిసిన్ మాత్ర వ్రాయుటకు ముందు మూత్రపిండముల స్థితి చూతురు. మోతాదు తగ్గింతురు, లేదా అసలే ఇయ్యరు. కొన్ని యాంటీబయాటిక్ మందులతో కలిసినను ఇది ప్రమాదకరమే. మాత్రయే ఇట్టిదైనపుడు, లెక్కలేని దుంప ముక్క సంగతి చెప్పనక్కరలేదు.

డయాలసిస్ చేయించిన విషము కడుగుకొనిపోవును గదా యని కొందరు అనుకొనవచ్చును. కాల్చిసిన్ రక్తమున నిలువక కణములలోనికి దిగిపోవును గనుక డయాలసిస్ దానిని తీసివేయలేదు. కీళ్ళ నొప్పులు గల ఉద్దానం పెద్దలు నాటు దుంపలను గాని, దుకాణమున అడిగి కొన్న నొప్పి మాత్రలను గాని వాడక, రక్తపరీక్ష చేయించుకొని వైద్యుని సలహా పొందవలెను. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీన 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును ప్రారంభింపబడినవి. పరీక్షకు దూరము పోవలసిన పని లేదు.

ప్రమాదము జరిగినచో

1. దుంప గాని, విత్తులు గాని నోట బెట్టుకొన్నట్లు తెలిసిన వెంటనే, ఏ లక్షణమును కనబడకున్నను, 108కి కబురు చేసి పలాస లేక టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

2. తిన్న దుంపలో మిగిలిన ముక్కను, దొరికినచో ఆకును, సంచిలో వేసి వెంట తీసికొనిపోవలెను. కలరా యని గాని, కల్తీ తిండి యని గాని పొరబడకుండుటకు ఇది వైద్యునికి తోడ్పడును.

3. ఇంటి వద్ద ఉప్పునీరు పోసి గాని, గొంతులో వేలు పెట్టి గాని వాంతి చేయింపరాదు. చింతపండు రసము, మజ్జిగ, నూనె మున్నగునవి విరుగుడు కావు. ఈ విషమునకు ఆసుపత్రులలో కూడ తేలికగా దొరకు విరుగుడు మందు లేదు. వేళకు చేరిన రోగిని రోజుల తరబడి కనిపెట్టి కాపాడుటయే చికిత్స.

4. వాంతులు తగ్గినవని మరునాడే ఇంటికి తీసికొని రారాదు. వైద్యుడు పొమ్మను వరకు ఉంచవలెను.

5. పశువు తిన్నదని అనుమానమున్నచో పశువైద్యునికి తెలిపి, దాని పాలు పారబోయవలెను.

పంటగా వేయవచ్చునా?

ఇక రైతు అడిగిన మొదటి ప్రశ్న. ధర ఉన్న మాట నిజమే. అయితే వర్తకులు ముఖ్యముగా కొనునది విత్తనమును. తమిళనాడులో దీనిని సెంగాందళ్ అందురు. అది ఆ రాష్ట్ర పుష్పము. దిండిగల్ జిల్లా ఒడ్డన్‌ఛత్రం, తిరుప్పూరు జిల్లా మూలనూరు, ధారాపురం, అరియలూరు జిల్లా జయంకొండం ప్రాంతములలో రైతులు దీనిని పందిళ్ళపైకి ప్రాకించి పండించుచున్నారు. విత్తనములు చాలవరకు మందుల తయారీకి విదేశములకు పోవును.

సాగు పద్ధతి యిది. నీరు నిలువని ఎర్ర ఇసుక నేలను బాగుగా దున్ని, హెక్టారునకు 10 టన్నుల పశువుల ఎరువు వేయుదురు. జూన్, జూలై నెలలలో 50 నుండి 60 గ్రాముల దుంపలను వరుసకు వరుసకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్ల ఎడముగా నాటుదురు. ఈ లెక్కను ఎకరమునకు సుమారు 15,000 దుంపలు, అనగా 800 కిలోల దుంప కావలెను. పువ్వు కీలము ప్రక్కకు మడిగి యుండుటచే పుప్పొడి దానంతట అది చక్కగా చేరదు. కావున ప్రతిదినము ఉదయమున కూలీలు ఒక్కొక్క పువ్వునకును చేతితో పుప్పొడి అంటింతురు. నాటిన 160 నుండి 180 దినములకు కాయ కోతకు వచ్చును. బాగుగా పండిన తోటలో ఎకరమునకు 80 నుండి 100 కిలోల ఎండు విత్తనము వచ్చును. ముసురు పట్టినపుడు ఆకుమాడు తెగులు, నీరు నిలిచినపుడు దుంపకుళ్ళు వచ్చును. లిల్లీ గొంగళిపురుగు ఆకులను తినివేయును.

నేలను చూచినచో ఉద్దానమున ఈ పంట రాకపోదు. కాని మూడు సంగతులు ఆలోచింపవలెను.

మొదటిది గాలి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్దను, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్టణము వద్దను, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గరను తీరము దాటినవి. మూడును చిత్త కార్తె ప్రవేశించు రోజులలోనే వచ్చినవి. జూన్, జూలైలలో నాటిన అడవినాభి పందిరిమీద కాయలతో నిలిచి యుండునది సరిగా అప్పుడే. తిత్లీకి కొబ్బరి, జీడి చెట్లే వేళ్ళతో కూలిన నేలలో పుల్లల పందిరి నిలుచునని ఎట్లు నమ్మగలము?

రెండవది పెట్టుబడి, అమ్మకము. దుంప ఖరీదు, పందిరి ఖర్చు, పువ్వు పువ్వునకు కూలి, అన్నియు ముందే పెట్టవలెను. కొనువారు కొద్దిమంది. ధర ఏటేటా మారును. మార్కెట్ యార్డులో వేలము వేయు సరుకు కాదిది. కొనుగోలుదారునితో వ్రాతపూర్వకమైన ఒప్పందము లేక ఎకరము కూడ నాటవలదు.

మూడవది ఇల్లు. పిల్లలు, పశువులు తిరుగు పెరటితోటలో ఈ పంట వేయరాదు. కాయ ఒలుచు కూలీలు చేతికి తొడుగులు వేసికొని, పని ముగియగనే సబ్బుతో కడుగుకొనవలెను. విత్తనము తాళము వేసిన గదిలో ఉండవలెను.

ఇవన్నియు చూచి, కొబ్బరి నీడలో అంతరపంట కోరు చిన్న రైతుకు కంద, పసుపు, పెండలము నయమని నా అభిప్రాయము. కొవ్వూరు పరిశోధనా స్థానము నుండి వచ్చిన గజేంద్ర కంద అంతగా దురద లేనిది. ధర లేనినాడు ఇంట వండుకొనుటకైనను పనికివచ్చును. అడవినాభికి ఆ గుణము లేదు. పెట్టుబడియు, ఒప్పందమును గలవారు పూనుకొనదలచినచో ముందు పది సెంట్లలో వేసి ఒక చిత్త కార్తె దాటించి చూచుట మేలు. ఔషధ మొక్కల సాగునకు సంబంధించిన సలహాలను రాష్ట్ర ఔషధ, సుగంధ మొక్కల బోర్డు నుండి పొందవచ్చును.

అడవిది తవ్వి అమ్మరాదు

సులువైన దారి యని కొందరు కంచెలలోను, కొండలలోను ఉన్న దుంపలను తవ్వి వర్తకునికి ఇత్తురు. ఇది తగదు. జంటదుంపను తీసివేసినచో ఆ మొక్క వంశము అచట ముగిసినట్లే. విత్తునుండి మొలిచిన మొక్క పూతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఈ విధముగానే మన దేశమున చాల తావుల ఇది అరుదైపోయినది. అదే మొక్కను తోటల అలంకారమునకు తీసికొనిపోయిన ఆస్ట్రేలియాలో తూర్పుతీరపు ఇసుకదిబ్బలమీద కలుపుగా అల్లుకొని వారిని బాధించుచున్నది. ఇసుకనేల దీనికెంత అనుకూలమో దీనినిబట్టి తెలియును. ఇచట అరుదగుచున్నదన్నచో తప్పు నేలది కాదు, గునపముది. రిజర్వు అడవినుండి అనుమతి లేక తవ్వుట నేరము కూడ.

ఇంటి చుట్టును, బడి ఆవరణలోను, పశువుల పాక దగ్గరను మొలిచిన తీగను మాత్రము తీసివేయవలసినదే. పూత సమయమున, గుర్తు తప్పనపుడు, తొడుగులు వేసికొని కొమ్ము విరగకుండ దుంపను తవ్వి, జనసంచారము లేని దూరపు గట్టున నాటవలెను, లేదా లోతుగా పూడ్చవలెను. వంటింటి కత్తిని, గంపను ఈ పనికి వాడరాదు.

గ్రామాధికారులకు మనవి

గ్రామ వ్యవసాయ సహాయకులు శ్రావణ మాసమున ఒకనాడు బడిపిల్లలకు ఈ పువ్వును దూరము నుండి చూపి, దుంపను, విత్తును ముట్టరాదని చెప్పవలెను. ఒకసారి చూచిన పువ్వును పిల్లలు మరువరు. ఆరోగ్య ఉపకేంద్రమున ఈ మొక్క చిత్రమొకటి గోడకు అంటించినచో వాంతులతో వచ్చినవారిని ‘ఏ దుంప తిన్నారు?’ అని అడుగుట జ్ఞాపకముండును. పంచాయతీలోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీవారు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో అడవినాభి ఉన్న తావులను వ్రాసి ఉంచవలెను. దుంపలు కొందుమని పైవారు ఊరిలోనికి వచ్చినచో ఏ అనుమతితో వచ్చిరో అడుగవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ఆ హక్కును బాధ్యతను ఊరికి ఇచ్చియున్నది.

ఆనాటి రైతు ఆ నాలుగు దుంపలను అమ్మలేదు. తోట చివర, సముద్రము వైపు గట్టున, మొగలి పొదల ప్రక్కను తిరిగి పాతిపెట్టెను. అతని తల్లి మోకాళ్ళ నొప్పికి పలాస ఆసుపత్రిలో చూపించుకొనుచున్నది. ఈ ఏడు తొలకరికి ఆ గట్టుమీద తీగ మొలిచినదని అతడు చెప్పెను. పువ్వును చూడవలెను, దుంపను నేలకు వదలవలెను. అడవినాభి విషయమున రైతు సోదరులు పాటింపవలసినది ఇంతయే.